ఆ నీళ్ళు ఎటు పోతున్నాయి?

జూలై నెల. డాలస్‌కు ఉత్తరాన ఒక పార్కు. పొద్దున పది కూడా కాలేదు, సిమెంటు నేల అప్పుడే అరికాళ్ళు కాల్చేస్తోంది. ఆ నేలలోంచే నీళ్ళు చివ్వున పైకి లేస్తున్నాయి. ఒకచోట నిలువుగా, ఒకచోట వంపు తిరిగి, ఇంకోచోట ప్లాస్టిక్ పువ్వు రేకుల్లోంచి జల్లుగా. పైనున్న ఎర్ర బకెట్ నెమ్మదిగా నిండి, ఒక్కసారిగా తలకిందులై ధబ్బున కుమ్మరిస్తుంది. ఆ క్షణం కోసమే కింద ఇరవైమంది పిల్లలు కేకలు వేస్తూ కాచుకుని ఉన్నారు.

చెట్టు నీడన మడత కుర్చీలో ఒక అమ్మమ్మ. గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చింది. ఒళ్ళో స్టీలు డబ్బా, అందులో పెరుగన్నం. రెండేళ్ళయినా నిండని మనవడు వెళ్ళి నీళ్ళు చిమ్మే రంధ్రం మీదే కూర్చున్నాడు. డైపర్ ఉబ్బిపోయింది. కాసేపటికి లేచి, కిందికి వంగి, అదే రంధ్రానికి నోరు పెట్టాడు.

"ఒరేయ్ కన్నా, తాగకురా! అమ్మాయ్, చూడవే వాణ్ణి."

"ఏం కాదులే అమ్మా. సిటీ వాళ్ళు రోజూ క్లోరిన్ వేస్తారు."

"వేశారో లేదో ఎవరు చూస్తారే?"

కూతురు సమాధానం చెప్పలేదు. నీళ్ళు నేల మధ్యలో ఉన్న ఇనుప జాలీలోంచి కిందికి జారిపోతున్నాయి.

ఆ అమ్మమ్మ ప్రశ్న మన ఇళ్ళలోనూ వినిపిస్తోంది. కేరళలో అమీబా జబ్బు వార్తలు వచ్చినప్పటి నుంచి పిల్లల్ని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలంటే తల్లులు జంకుతున్నారు. ఇంకోవైపు హైదరాబాద్ చుట్టూ లేస్తున్న గేటెడ్ కమ్యూనిటీల బ్రోచర్లలో ఇలా నేలలోంచి నీళ్ళు చిమ్మే స్ప్లాష్ ప్యాడ్ బొమ్మ కనిపిస్తూనే ఉంది. అమ్మేవాళ్ళు చెప్పే మాట ఒకటే: లోతు లేదు, పిల్లలు మునిగిపోతారన్న భయం లేదు. ఆ మాట నిజమే. నీళ్ళు నిలవని చోట మునగడమనే ప్రమాదం దాదాపు ఉండదు. అయితే మనం భయపడాల్సింది లోతు గురించి కాదు, ఆ నీటి గురించి.

నేల కింద ఏముంది

స్ప్లాష్ ప్యాడ్లు రెండు రకాలు. మొదటి రకంలో ఊరి కుళాయి నీళ్ళే పైకి చిమ్మి, పిల్లల మీద పడి, జాలీలోంచి కాలువలోకి పోతాయి. మళ్ళీ వెనక్కి రావు. పిల్లల ఒంటికి మంచిది ఇదే. కాకపోతే నీళ్ళు విపరీతంగా ఖర్చవుతాయి. అందుకే నీటి కటకట ఉన్న ఊళ్ళన్నీ రెండో రకం వైపు చూస్తాయి. అందులో జాలీలోంచి జారిన నీళ్ళు భూమిలోపలి ట్యాంకులో చేరతాయి. పంపు వాటిని తోడి, ఇసుక ఫిల్టరులోంచి పంపి, క్లోరిన్ కలిపి, మళ్ళీ అవే రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. మధ్యలో ఆ ఫిల్టరు, ఆ క్లోరిన్ పని చేయకపోతే, పెళ్ళి పందిరి గుమ్మంలో అందరూ కాళ్ళు కడుక్కున్న నీళ్ళే మళ్ళీ చెంబులో పోసి చేతికిచ్చినట్టు.

పైకి చూస్తే వాన. కిందున్నది కొలనే, కాకపోతే మన కంటికి కనిపించని కొలను. ఈతకొలనులో నీళ్ళు మురికైతే అడుగు కనిపించదు, రంగు మారుతుంది, ఎవరో ఒకరు గమనిస్తారు. స్ప్లాష్ ప్యాడ్‌లో చిమ్మే నీరు ఎప్పుడూ తళతళలాడుతూనే ఉంటుంది.

పైగా ఈ కొలను చాలా చిన్నది. నీళ్ళు తక్కువ, పిల్లలు ఎక్కువ. జల్లుగా గాలిలోకి లేచే నీటిలో క్లోరిన్ త్వరగా ఎగిరిపోతుంది, ఎండ దాన్ని ఇంకా విరగ్గొడుతుంది. చెప్పుల దుమ్ము, పిట్టల రెట్ట, గడ్డి, చెమట, డైపర్లలోంచి కారేది అన్నీ ఆ జాలీలోకే పోతాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం సగటున ఒక్కో మనిషి ఒంటిని అంటిపెట్టుకుని 0.14 గ్రాముల మలం ఉంటుంది. స్నానం చేయకుండా నీళ్ళలోకి దిగితే అది ఆ నీళ్ళలోనే కలిసిపోతుంది. స్విమ్ డైపర్ గట్టిదాన్ని కాస్త ఆపుతుందేమో గానీ విరేచనాన్ని, అందులోని క్రిముల్ని ఆపలేదు.

చట్టాల్లోనూ ఒక సందు ఉంది. నీళ్ళు నిలిచి ఉంటేనే ఈతకొలను అని రాసుకున్న చోట్ల, నీళ్ళు నిలవని స్ప్లాష్ ప్యాడ్ ఆ నిబంధనల కిందికి రాకుండా తప్పించుకుంది. సీడీసీ 2014లో తెచ్చిన నమూనా నియమావళి ఈ సందు పూడ్చడానికి ప్రయత్నించింది. కానీ దాన్ని పాటించాలా వద్దా అన్నది ఆయా రాష్ట్రాల, స్థానిక ప్రభుత్వాల ఇష్టం.

ఆర్లింగ్టన్ రిజిస్టరులో ఖాళీ గడులు

డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ నడుమ ఉన్న ఊరు ఆర్లింగ్టన్. చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లానో, కొప్పెల్ అంతా తెలుగువాళ్ళు స్థిరపడిన ప్రాంతం. 2021 సెప్టెంబరు 5న, అక్కడి పార్కులో ఆడుకున్న ఒక పసివాణ్ణి ఆస్పత్రిలో చేర్చారు. ఆరు రోజులకు, 11వ తేదీన ఆ బాబు చనిపోయాడు. కారణం నెగ్లేరియా ఫౌలెరి, వార్తల్లో మెదడు తినే అమీబా అంటున్నది ఇదే. బాబు ఆడుకున్న డాన్ మైసెన్‌హైమర్ పార్కు స్ప్లాష్ ప్యాడ్ నీటి నమూనాల్లో అమీబా సజీవంగా ఉందని అదే నెల 24న సీడీసీ తేల్చింది.

నగరపాలక సంస్థ తన రిజిస్టర్లు తానే తీసి చూసుకుంది. చూసింది దాచకుండా బయటపెట్టింది కూడా, ఆ మేరకు మెచ్చుకోవాలి. ఊళ్ళోని నాలుగు స్ప్లాష్ ప్యాడ్లలో రెండింట, పొద్దున తెరవకముందు చేయాల్సిన నీటి పరీక్షను సిబ్బంది కొన్ని రోజులు రాయలేదు, కొన్ని రోజులు అసలు చేయనేలేదు. బాబు ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో మూడు రోజులు ఆ పార్కుకు వెళ్ళాడు. అందులో రెండు రోజులకు క్లోరిన్ అంకె రిజిస్టరులో లేదు. ఆ మర్నాటి అంకెలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ అంకెలు రాశాక కూడా ఇంకాస్త క్లోరిన్ కలిపినట్టు అదే కాగితాల్లో ఉంది. క్లోరిన్ తగ్గినప్పుడు చేత్తో ఎంత కలిపారన్నది చాలాచోట్ల రాయలేదు.

ఇంత దారుణంలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ ఖాళీ గడులే. పంపు ఉంది, ఫిల్టరు ఉంది, నియమం ఉంది, రాసుకోవడానికి పుస్తకం కూడా ఉంది. చేయాల్సిన పని ఎంతసేపటిది? గాజు గొట్టంలో గీత దాకా నీళ్ళు పట్టాలి. అందులో డీపీడీ మాత్రో పొడో వేసి మూత బిగించి ఊపాలి. క్లోరిన్ ఉంటే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది, ఎంత ఎక్కువుంటే అంత ముదురుగా. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి అంకె రాయాలి. రంగు రాలేదంటే ఆ పూట గేటు తెరవకూడదు. రెండు మూడు నిమిషాల పని. అది జరగని రోజున, లోపల ఏముందో తెలియని నీటిలోకి పిల్లల్ని వదిలినట్టే.

ఆర్లింగ్టన్ ఒక్కటే అయితే పొరపాటనుకోవచ్చు. 2023 సెప్టెంబరులో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్‌రాక్‌లో 16 నెలల పసికందు ఇదే అమీబాకు బలైంది. అక్కడా స్ప్లాష్ ప్యాడ్ నీటి నమూనాలో సజీవ అమీబా దొరికింది.

ముక్కులోంచి మెదడుకు

ఈ అమీబా, అది ఉన్న నీళ్ళు తాగితే ఏమీ చేయదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. వేడెక్కిన మంచినీటిలో పెరిగి, నీరు వేగంగా ముక్కులోకి ఎగదన్నినప్పుడు వాసన తెలిపే నరం వెంబడి మెదడుకు చేరుతుంది. తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం. మొదటి రోజుల్లో ఏ డాక్టరుకైనా మామూలు మెదడువాపులాగే కనిపిస్తుంది. అమెరికాలో 1962 నుంచి 2023 దాకా 164 మందికి సోకితే నలుగురే బతికారు.

కేరళలో 2024లో ఇది వరసగా పిల్లల ప్రాణాలు తీసింది. ఆ జూలైలోనే కోళికోడ్ జిల్లాకు చెందిన 14 ఏళ్ళ అబ్బాయి బతికి బయటపడ్డాడు. దేశంలో అలా బతికిన తొలి వ్యక్తి అతనేనని ప్రకటించారు. ఊరి చెరువులో స్నానం చేసిన సంగతి డాక్టర్లకు తెలియడం, పరీక్ష వెంటనే జరగడం, మిల్టెఫోసిన్ అనే మందు సమయానికి అందడం అతన్ని కాపాడాయి. అందుకే పిల్లలకు జ్వరం, తలనొప్పి వచ్చి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు గత పది పన్నెండు రోజుల్లో ఎక్కడ నీళ్ళలో ఆడారో అడగకపోయినా చెప్పండి. ఆ ఒక్క వాక్యం వైద్యుడి ఆలోచననే మార్చవచ్చు.

ఇది అత్యంత అరుదైన జబ్బు. భయంతో పిల్లల్ని నీళ్ళకు దూరం చేయాల్సిన పని లేదు. సరిగ్గా క్లోరిన్ ఉన్న నీటిలో ఈ అమీబా బతకదు, ఆర్లింగ్టన్ కథ మనసును కోసేది అందుకే.

మందికి మందిని పడేసేది మరొకటి

వార్తల్లో అమీబా పేరే మోగుతుంది గానీ, స్ప్లాష్ ప్యాడ్ల దగ్గర ఎక్కువమందిని మంచాన పడేసింది వేరే పరాన్నజీవి. దాని పేరు క్రిప్టోస్పోరిడియం, క్లుప్తంగా క్రిప్టో.

2005 వేసవి. న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు ఒడ్డున, జెనీవా పట్టణం దగ్గరి స్టేట్ పార్కులో పిల్లల కోసం పెద్ద నీటి జల్లుల మైదానం ఉండేది. ఆగస్టులో ఆరోగ్యశాఖకు ఫోన్లు మొదలయ్యాయి. పిల్లలకు నీళ్ళ విరేచనాలు, కడుపునొప్పి, తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలు. ఆరా తీస్తే అందరూ ఆ పార్కు పేరే చెప్పారు. నీళ్ళు నిలవచేసే ట్యాంకుల్లోనే క్రిప్టో దొరికింది. లెక్క తేలేసరికి జబ్బుపడినవాళ్ళు దాదాపు 4 వేలు. ఎక్కడెక్కడి కౌంటీల నుంచో విహారానికి వచ్చి, జబ్బును మోసుకుని ఇళ్ళకు వెళ్ళారు.

అక్కడ నీళ్ళను వడగట్టారు, క్లోరిన్ కలిపారు. అయినా క్రిప్టోకు అవి చాలలేదు. 4 నుంచి 6 మైక్రాన్ల ఆ గుడ్డు గట్టి పెంకులో దాక్కుని ఇసుక ఫిల్టరు సందుల్లోంచి జారిపోతుంది. పది గుడ్లో, అంతకన్నా తక్కువో కడుపులోకి పోయినా చాలు. జబ్బుపడిన పిల్లాడి ఒక్క విరేచనంలో అవి కోట్లల్లో ఉంటాయి.

> బాక్స్: క్లోరిన్ చంపడానికి ఎంతసేపు?
> లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్, 7.5 పీహెచ్, 25 డిగ్రీల వేడి ఉన్న నీటిలో సీడీసీ చెప్పే లెక్క ఇది.
> ఈ-కొలి: నిమిషంలోపే.
> హెపటైటిస్-ఎ వైరస్: సుమారు 16 నిమిషాలు.
> జియార్డియా: సుమారు 45 నిమిషాలు.
> క్రిప్టోస్పోరిడియం: సుమారు 15,300 నిమిషాలు, అంటే పది రోజులు దాటి.

క్రిప్టోకు విరుగుడు అతినీలలోహిత కాంతి. ఫిల్టరు దాటాక నీటిని యూవీ దీపం ఉన్న గొట్టంలోంచి పంపితే ఆ కాంతి పెంకు లోపలి జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది. పరాన్నజీవి ఇక పెరగలేదు. సెనెకా ఘటన తర్వాత న్యూయార్క్ రాష్ట్రం అత్యవసర నిబంధనలు తెచ్చి, ఇలాంటి జల్లుల మైదానాలకు యూవీ తప్పనిసరి చేసింది.

మిగతా చోట్ల అంత వేగం కనిపించలేదు. 1997 నుంచి 2022 దాకా 23 రాష్ట్రాలు, ప్యూర్టోరికో కలిపి స్ప్లాష్ ప్యాడ్ల వల్ల 60 సార్లు జబ్బులు ప్రబలినట్టు సీడీసీకి తెలియజేశాయి. 10,611 మంది జబ్బుపడ్డారు, 152 మంది ఆస్పత్రిపాలయ్యారు. అందులో 9,622 మంది క్రిప్టో బయటపడిన ఘటనల్లోని వాళ్ళే. ఆ 60 ఘటనల్లో మరణం ఒక్కటీ నమోదు కాలేదు. ఇద్దరికి తగ్గకుండా జబ్బుపడితేనే ఆ జాబితాకు ఎక్కుతుంది, కాబట్టి ఆర్లింగ్టన్ బాబు అందులో లేడు.

2021 జూన్‌లో కాన్సస్‌లోని ఒక జంతువుల పార్కు స్ప్లాష్ ప్యాడ్ దగ్గర షిగెల్లా, నోరోవైరస్ రెండూ పాకాయి. ఆరా తీసినవాళ్ళు రాసిన లోపాలు చదివితే ఎంత మామూలు విషయాలో అనిపిస్తుంది. రాత్రంతా నీళ్ళు ట్యాంకులోనే నిలిచి ఉండేవి, శుద్ధి యంత్రం గుండా తిరిగేవి కావు. క్లోరిన్‌ను కనిపెట్టుకుని ఉండే ఆటోమేటిక్ పరికరం లేదు. ఈ పనిలో శిక్షణ పొందినట్టు కాగితం చూపగల ఉద్యోగి లేడు. ఆ నీళ్ళు నోట్లోకి పోయినవాళ్ళే ఎక్కువగా జబ్బుపడ్డారు.

మన అపార్ట్‌మెంట్ల సంగతి

ఇక్కడికి వద్దాం. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లలో కొలను పని చూసేది ఒక కుర్రాడు. పొద్దున్నే వల పెట్టి ఆకులు తీస్తాడు, అడుగు ఊడుస్తాడు, డబ్బాలోంచి తెల్లటి క్లోరిన్ బిళ్ళలు తీసి వేస్తాడు. అతనికి బిళ్ళలెన్ని వేయాలో చెప్పినవాళ్ళున్నారు గానీ, వేశాక నీటిలో ఎంత క్లోరిన్ మిగిలిందో కొలవడం నేర్పినవాళ్ళు తక్కువ. తప్పు ఆ కుర్రాడిది కాదు.

ఆ బిళ్ళల్లో చాలావాటిలో క్లోరిన్‌తోపాటు సయన్యూరిక్ ఆమ్లం ఉంటుంది. క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడటం దాని పని. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఆ ఆమ్లం మాత్రం నీళ్ళలోనే పేరుకుంటుంది. నీళ్ళు మార్చకుండా నెలల తరబడి బిళ్ళలు వేస్తూ పోతే ఆ కాపాడేదే క్లోరిన్ చేతులు కట్టేస్తుంది. చిన్న ట్యాంకున్న స్ప్లాష్ ప్యాడ్‌లో ఇది మరీ తొందరగా జరుగుతుంది.

పీహెచ్ సంగతి ఇంకా ముఖ్యం. మన బోరు నీళ్ళు చాలాచోట్ల క్షారగుణం వైపు మొగ్గుతాయి. పీహెచ్ 7.5 దగ్గర ఉంటే క్లోరిన్‌లో సగం దాకా క్రిముల్ని చంపే రూపంలో ఉంటుంది. అది 8కి ఎక్కితే ఆ భాగం నాలుగో వంతుకు, అంతకన్నా కిందికి పడిపోతుంది. బిళ్ళలు అన్నే వేస్తారు, పని మాత్రం సగం కూడా జరగదు.

ఈతకొలనుల నీరు ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 3328. అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో పార్కింగు మీద గంటలు గడుస్తాయి, ఈ ప్రమాణం పేరు ఎత్తేవాళ్ళు కనిపించరు. మన పల్లెల్లో పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర పనిచేసే మనిషి క్లోరోస్కోప్ పట్టుకుని నీళ్ళలో చుక్కలు వేసి, పసుపు రంగు వచ్చిందా అని చూస్తాడు. ఊరి ట్యాంకుకు చేసే ఆ పాటి పరీక్ష, లక్షలు పోసి కట్టిన స్ప్లాష్ ప్యాడ్‌కు చేయించుకోలేమా?

పెళ్ళిళ్ళకు, హోలీకి అద్దెకు తెచ్చే రెయిన్ డ్యాన్సుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ట్యాంకరు నీళ్ళు ఎక్కడివో అడగండి. వాడిన నీళ్ళే పంపుతో తిప్పి మళ్ళీ పోస్తున్నారేమో చూడండి.

> బాక్స్: ముక్కును నమ్మొద్దు
> బ్లీచింగ్ వాసన గుప్పుమంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టని చాలామంది అనుకుంటారు. ఆ ఘాటు వాసన, కళ్ళ మంట ఎక్కువగా క్లోరమిన్ల వల్ల వస్తాయి. చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టేవి అవి. క్లోరిన్ మురికితో పోరాడి అలిసిపోయిందని ఆ వాసనకు అర్థం. బాగా చూసుకునే నీటికి ఘాటు వాసన ఉండదు.

అడగాల్సినవాళ్ళం మనమే

టెస్ట్ స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నీళ్ళలో ముంచి తీసి, డబ్బా మీది రంగులతో పోల్చుకోవాలి. క్లోరిన్ 1 పీపీఎంకు (లీటరుకు 1 మిల్లీగ్రాము) తగ్గకూడదు, పీహెచ్ 7.0కూ 7.8కూ మధ్య ఉండాలి. అమెరికాలో ఉన్నవాళ్ళయితే పార్కు సిబ్బందిని ఈ రోజు రీడింగు చూపించమని అడగండి. ఇక్కడ సంఘం కార్యదర్శిని అడగండి: నీళ్ళు వెనక్కి తిరిగేవా, ఒకసారికే పోయేవా? యూవీ ఉందా? రాత్రి పంపు ఆపేస్తున్నారా? ఇవాళ్టి అంకె ఎంత, ఎవరు రాశారు? ఆ అంకె గేటు పక్కన బోర్డు మీద, అందరికీ కనిపించేలా రోజూ రాయించండి. అలమారలో దాచిన పుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉంటే ఎవరికీ తెలియదు. గేటు దగ్గరి బోర్డు ఖాళీగా ఉంటే తొమ్మిదేళ్ళ పిల్లాడైనా అడుగుతాడు.

మన వంతు పనులూ ఉన్నాయి. నీళ్ళలోకి దిగేముందు సబ్బుతో ఒళ్ళు కడగాలి. డైపర్ గంటకోసారి, నీళ్ళకు దూరంగా తీసుకెళ్ళి మార్చాలి. రంధ్రాల మీద కూర్చోకుండా, నీళ్ళు నోట్లోకీ ముక్కులోకీ పోకుండా పిల్లలకు చెబుతూ ఉండాలి. ఒకసారి చెబితే వినరు, మళ్ళీ మళ్ళీ చెప్పాలి.

అన్నిటికన్నా కష్టమైనది ఒకటుంది. విరేచనాలైన పిల్లల్ని అవి తగ్గేదాకా ఏ నీళ్ళ ఆటకూ తీసుకెళ్ళకూడదు. అది క్రిప్టో అని తేలితే, తగ్గిన తర్వాత కూడా రెండు వారాలు ఆగాలి, ఎందుకంటే పిల్లాడు కోలుకుని గంతులు వేస్తున్నా మలంలో ఆ గుడ్లు పడుతూనే ఉంటాయి. స్నేహితుడి పుట్టినరోజు స్ప్లాష్ ప్యాడ్ దగ్గర ఉందని నెల రోజుల నుంచీ లెక్కపెట్టుకుంటున్న పిల్లాడికి ఆ మాట ఎలా చెప్పాలి? పిలిచినవాళ్ళకు ఫోన్ చేసి "మావాడికి మొన్న మోషన్స్ అయ్యాయండీ, నీళ్ళలోకి దింపం" అని చెప్పడానికి మనకు మొహమాటం. అలా ఫోన్ వస్తే, "మంచి పని చేశారు వదినా, కేక్ కోసే టైముకి తీసుకురండి, వాడి కోసం పొడి ఆటలేవైనా పెడతాం" అనండి. అతిథుల జాబితా రాసుకున్న రోజునే, పిలుపు మెసేజ్‌లోనే, విరేచనాలైన పిల్లల్ని నీళ్ళలోకి దింపొద్దని ఒక లైను చేర్చండి.